తీగకు గుచ్చిన మనియార్డరు కూపన్లు

(ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగానికి లిఖిత పాఠం)

సభాధ్యక్షులకు, ఈ గ్రంథాలయాన్ని ఇన్నేళ్ళుగా కాపాడుకొస్తున్న పెద్దలకు, మాజీ సైనికులకు, వారి కుటుంబాల వారికి నమస్కారం.

మా నాయనమ్మ పోయాక ఆమె ట్రంకు పెట్టె తెరిస్తే, పట్టుచీర మడతల కింద ఒక ఇనుప తీగ దొరికింది. వెనుకటి రోజుల్లో ఉత్తరాలు, శిస్తు రసీదులు గుచ్చి దూలానికి వేలాడదీసే కొక్కెపు తీగ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మా నాయనమ్మ తీగకు మాత్రం మనియార్డరు కూపన్లు ఉన్నాయి. మనియార్డరు ఫారం అడుగున, డబ్బు పంపేవారు రెండు మాటలు రాసుకోవడానికి వదిలిన చిన్న ముక్కే కూపను. పోస్టుమాను రూపాయలు లెక్కపెట్టి ఇచ్చి, వేలిముద్ర వేయించుకుని, ఆ ముక్కను చించి చేతికి ఇచ్చేవాడు. మా తాతయ్య 1940లో బెంగుళూరు వెళ్ళి, సైన్యానికి ఇంజనీరు పని చేసే మద్రాసు సాపర్ల పటాలంలో చేరి, 1946లో ఇంటికి వచ్చారు. ఆ ఆరేళ్ళ కాపురం నాయనమ్మకు ఆ తీగ మీదే జరిగింది. "క్షేమం. ఆవును అమ్మవద్దు." "వానలు పడ్డవా? విత్తనాలకు ఈ డబ్బు." ఒక్కొక్క కూపను మీద ఇంతకు మించి లేదు. నాయనమ్మకు చదువు రాదు కనుక, ఈ మాటలన్నీ ఆమె పోస్టుమాను నోటి నుంచే విన్నది. ఒకచోట కూపన్లకు బదులు వరుసగా ఐదు తాటాకు ముక్కలు గుచ్చి ఉన్నాయి. అవి కాగితాలు నలగకుండా పెట్టిన అడ్డాలు కాబోలని అప్పుడు అనుకున్నాను.

ఈ సాయంత్రం నేను రెండవ ప్రపంచ యుద్ధంలో తెలుగువారు బతికిన బతుకుల గురించి మాట్లాడదలచుకున్నాను. బతుకుల గురించి అని ప్రత్యేకంగా ఎందుకు అంటున్నానంటే, మన దగ్గర యుద్ధస్మృతి అంతా మరణం చుట్టూ అల్లుకున్నది. అది సహజమే, న్యాయమే. కానీ లెక్క ఒకసారి చూడండి. 1939లో భారత సైన్యం సుమారు 2 లక్షలు. 1945 నాటికి అది దాదాపు 25 లక్షలకు పెరిగింది. నిర్బంధ భర్తీ చట్టం లేకుండా ఇంత పెద్ద సైన్యం చరిత్రలో మరొకటి లేదు. అందులో ప్రాణాలు కోల్పోయినవారు సుమారు 87 వేల మంది. ఆ 87 వేల మందికి ఏదో ఒక రాతి మీద, ఏదో ఒక పుస్తకంలో చోటు దొరికింది. మిగిలిన ఇరవై నాలుగు లక్షల మంది ఇళ్ళకు తిరిగివచ్చి, పొలం దున్నుకుని, రైల్వేలోనో మిల్లులోనో పనికి కుదిరి, ముసలివాళ్ళై వెళ్ళిపోయారు. వారి ఆరేళ్ళ అనుభవానికి ఎక్కడా చోటు లేదు. వారిని నిలబెట్టిన ఆడవారికి, కూలీలకు, వంటవారికి అసలే లేదు.

చనిపోయినవారి స్మారకాల దగ్గర కూడా మనం నేర్చుకోవలసింది ఉంది. నాగాలాండ్‌లోని కోహిమా యుద్ధ శ్మశానంలో 1,420 సమాధులు ఉన్నాయి. మత సంప్రదాయం ప్రకారం దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లు అక్కడే మరొక కట్టడం మీద చెక్కారు. బర్మాలో తౌక్యాన్ దగ్గర ఉన్న రంగూన్ స్మారకం స్తంభాల మీద సమాధి లేని దాదాపు 27 వేల మంది పేర్లు ఉన్నాయి. చెన్నై నందంబాక్కంలోని యుద్ధ శ్మశానం మనకు రాత్రి రైలు దూరమే. ఈ పేర్ల వివరాలన్నీ కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం దగ్గర పట్టికలుగా ఉన్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు. సైనికుడి పేరు, అతని దళం, మరణించిన తేదీతో పాటు చాలా చోట్ల ఫలానావారి కొడుకు, ఫలానామె భర్త, ఫలానా ఊరు అని కూడా రాసి ఉంటుంది. ఆ కాలపు పల్లెటూరి స్త్రీ పేరు ఒక ప్రభుత్వ పుస్తకంలోకి ఎక్కడం ఎంత అరుదో మీకు తెలుసు. భర్త ఎక్కడో బర్మా అడవిలో పోయినందువల్ల మాత్రమే ఆమె పేరు మనకు మిగిలింది. ఆ వరుసలు చదివేటప్పుడు నాకు సైనికుడి పేరు కంటే ఆమె పేరు దగ్గరే చూపు ఆగిపోతుంది.

మనవారు సైన్యంలోకి ఎలా వెళ్ళారో క్లుప్తంగా చెబుతాను. ఉత్తరాది వారే యుద్ధవీరులనీ, దక్షిణాది వారు పోరాటానికి పనికిరారనీ తెల్లదొరలు ఒక సిద్ధాంతం కట్టుకున్నారు. దాని ప్రకారం 1920ల చివరికి మద్రాసు కాల్బలం పూర్తిగా రద్దయింది. ఇంజనీరు పని చేసే సాపర్లు మాత్రం మిగిలారు. యుద్ధం ముదిరి మనుషుల అవసరం పడగానే ఆ సిద్ధాంతం ఎటుపోయిందో పోయింది. 1941లో మద్రాసు రెజిమెంటును మళ్ళీ నిలబెట్టారు. ఇటలీలో 1944 ఫిబ్రవరి 24న తన తోటివారిని కాపాడటానికి మందుపాతర మీద పడి ప్రాణమిచ్చి, జార్జి క్రాస్ పొందిన మొదటి భారతీయుడిగా నిలిచిన సుబేదార్ సుబ్రమణియన్ మద్రాసు సాపరే. అయితే దక్షిణాది నుంచి వెళ్ళినవారిలో ఎక్కువమందికి తుపాకీ కంటే పలుగు, పార, స్టీరింగు, స్ట్రెచరు ఎక్కువ పరిచయం. వంతెనలు కట్టినవారు, మందుపాతరలు తీసినవారు, పయొనీరు దళాల్లో అడవి కొట్టి రోడ్డు వేసినవారు, లారీలు నడిపినవారు, ఆసుపత్రుల్లో గాయాలు కడిగినవారు వీరే. వీరికి కింద ఫాలోయర్లని మరొక తరగతి ఉండేది. వంట చేసేవారు, నీళ్ళు మోసేవారు, బట్టలు ఉతికేవారు, పాకీ పని చేసేవారు అందులోకి వచ్చేవారు. బాంబు పడితే అందరి మీదా ఒకేలా పడేది. జీతంలోనూ గౌరవంలోనూ మాత్రం వీరు ఒక మెట్టు కిందనే ఉన్నారు. సైనికులను స్మరించుకునే మన సభల్లో ఈ తరగతి పేరు ఇప్పటికీ వినబడదు. నాకు బాధ కలిగించే విషయాల్లో ఇది ఒకటి.

పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరు ఉంది. జనం దాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. రెండవ ప్రపంచ యుద్ధానికి ఆ ఒక్క ఊరి నుంచే వెయ్యిమందికి పైగా వెళ్ళారని ఊరివారు చెబుతారు. ఆ మాట విన్నప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన, వెయ్యిమంది మగవారు లేని ఆ ఊళ్ళో ఆ ఐదారేళ్ళు నాట్లు ఎవరు వేశారు, ధాన్యం ఎవరు నూర్చారు, కాలువకు గండి పడితే ఎవరు పూడ్చారు అని. జవాబు మనందరికీ తెలుసు. ఆ జవాబులో ఉన్న మనుషుల పేర్లే మన దగ్గర లేవు.

ఉత్తరాల గురించి కొంచెం ఎక్కువసేపు చెప్పనివ్వండి. సైనికుడి చిరునామాలో ఊరి పేరు ఉండేది కాదు, ఫీల్డు పోస్టాఫీసు నంబరు మాత్రమే ఉండేది. తన భర్త ఈజిప్టులో ఉన్నాడో, ఇరాక్‌లో ఉన్నాడో, అస్సాంలో ఉన్నాడో భార్యకు తెలియదు. అతను రాసే ప్రతి ఉత్తరాన్నీ సెన్సారువారు విప్పి చదివేవారు. భారతీయ భాషల ఉత్తరాలను చదివి, వాటిలోంచి కొన్ని వాక్యాలు ఇంగ్లీషులోకి మార్చి, సైన్యం మనసు ఎలా ఉందో పై అధికారులకు తెలియజేస్తూ నివేదికలు పంపేవారు. ఆ నివేదికలు ఇప్పటికీ లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. అసలు ఉత్తరాలు మన ఇళ్ళలో చెదలు తిన్నాయి. మన భాషలో, మన పల్లెవాడు తన పెళ్ళానికి రాసుకున్న మాట, మరో దేశపు దొర కోసం తర్జుమా అయిన ముక్కగా మాత్రమే మిగిలింది. దానికోసమైనా సెన్సారువారికి మనం ఋణపడి ఉన్నామా అని నేను చాలాసార్లు ఆలోచించాను. ఒక విధంగా ఋణపడే ఉన్నాం.

ఆ నివేదికల్లో 1943 నాటి మాటలు చదివితే గుండె బరువెక్కుతుంది. శత్రువును తలచుకుని భయపడిన మాటలు వాటిలో తక్కువ. ఇంటి దగ్గర బియ్యం ధర ఎంత, బట్ట దొరుకుతున్నదా, పిల్లలు తింటున్నారా అన్న బెంగే ఎక్కువ. ఆ బెంగకు కారణం ఉంది. 1942లో బర్మా జపాను చేతిలో పడగానే అక్కడి నుంచి వచ్చే బియ్యం ఆగిపోయింది. ధరలు కొండెక్కాయి. 1943లో బెంగాల్లో ఆకలితోనూ దాని వెంట వచ్చిన రోగాలతోనూ సుమారు 30 లక్షల మంది చనిపోయారు. మన దగ్గర బియ్యం, కిరోసిను, పంచదార, గుడ్డ అన్నిటికీ కంట్రోలు వచ్చింది. చౌకధరల దుకాణాన్ని కంట్రోలు షాపు అనీ, అక్కడి బియ్యాన్ని కంట్రోలు బియ్యం అనీ పెద్దవాళ్ళు నిన్నమొన్నటి దాకా అనేవారు. ఆ మాట మనకు యుద్ధం ఇచ్చి వెళ్ళినదే. రోజుకు మూడు పూటలా లంగరులో, అంటే పటాలం వంటశాలలో, భోజనం చేస్తున్న సిపాయికి, తన పిల్లలు గంజి తాగుతున్నారేమో అన్న ఊహ ఎలా ఉండి ఉంటుందో మీరే అనుకోండి. సైన్యంలో అన్నం దొరుకుతుందనే చాలామంది చేరారు. చేరినందువల్ల తమకు దొరికింది, తమవారికి దొరకలేదు.

ఇక మన తీరానికి వస్తాను. 1942 ఏప్రిల్ 6, సోమవారం, జపాను విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ రెండు రోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడలు మునిగిపోయాయి. ఆ ఓడల మీద పనిచేసే కళాసులకు సైనికులకు ఉన్న రక్షణ లేదు, వారి త్యాగాన్ని తలచుకునేవారూ తక్కువ. పట్నంలో ప్రాణనష్టం స్వల్పమే అయినా భయం మాత్రం ఊరంతటినీ ఖాళీ చేసింది. బండ్లు కట్టుకుని, పిల్లలను చంకనేసుకుని, దొరికిన రైలెక్కి జనం లోపలి పల్లెలకు వెళ్ళిపోయారు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా నౌకా నిర్మాణ కేంద్రం పనులు దెబ్బతిన్నాయి. అక్కడ తయారైన మొదటి ఓడ జల ఉష నీటిలో దిగడానికి 1948 మార్చి దాకా ఆగవలసి వచ్చింది. కట్టమంచి రామలింగారెడ్డి గారు ఉపాధ్యక్షులుగా (వైస్ ఛాన్సలరుగా) ఉన్న ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పుస్తకాలు సర్దుకుని గుంటూరుకు తరలింది. రాత్రిళ్ళు దీపాలకు నల్లకాగితం చుట్టిన ఊళ్ళలో, మగవారు పటాలంలోనో హార్బరు పనిలోనో ఉన్న ఇళ్ళలో, ముసలివారినీ పసివారినీ వెంటబెట్టుకుని ఎటు పోవాలో నిర్ణయించవలసినవారు ఆడవారు. తాడేపల్లిగూడెంలో, దొనకొండలో విమానాలు దిగే రన్‌వేలు వేశారు. వాటికి కంకర మోసినవారు కూలి మనుషులు. పాడుబడిన ఆ రన్‌వేల మీద ఇప్పుడు నిలబడి చూస్తే, యుద్ధం మన ఊరి మట్టిని కూడా తాకిందన్న సంగతి పిల్లలకు చెప్పడం తేలిక అవుతుంది.

రంగం వెళ్ళినవారి కథ చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు. రంగూన్‌ను మనవారు రంగం అన్నారు. శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా, ఓడెక్కి రంగం వెళ్ళి రేవులోనో బియ్యపు మిల్లులోనో పనిచేయడం రెండు మూడు తరాల బతుకుతెరువు. కోరంగి రేవు నుంచి వెళ్ళిన కారణంగా బర్మావారు మనవారిని ఆ పేరుతోనే పిలిచారు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి, 1942 మార్చి 8న నగరం జపాను వశమైంది. ఓడల్లో చోటు దొరకని పేదవారు కాలినడకన బయలుదేరారు. తౌంగుప్ కనుమ మీదుగా అరకానుకు కొందరు, తము అనే సరిహద్దు ఊరి మీదుగా మణిపురానికి కొందరు, హుకాంగ్ లోయ గుండా అస్సాంకు కొందరు. నాలుగు నుంచి ఐదు లక్షల మంది ఇలా వలస వచ్చారని అంచనా. దారిలో కలరా, మలేరియా, ఆకలి వల్ల చనిపోయినవారు 10 వేల నుంచి 50 వేల దాకా ఉంటారంటారు. ఈ అంకెల మధ్య ఉన్న దూరాన్ని గమనించండి. ఇటో అటో 40 వేల మంది మనుషుల విషయం ఎవరికీ రూఢిగా తెలియదు. ఆ దారుల్లో తల్లి నడుస్తుండగానే పుట్టిన బిడ్డలు ఉన్నారు, దారి పక్కనే వదిలేసిన ముసలివారు ఉన్నారు.

మలయా (నేటి మలేషియా) తోటల్లో చిక్కుకున్నవారి గతి ఇంకా ఘోరం. సయాం (నేటి థాయిలాండ్), బర్మాల మధ్య 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయడానికి జపాను సైన్యం ఆ తోటల కూలీలను తీసుకుపోయింది. వారిలో తమిళులు ఎక్కువమంది, తెలుగువారూ ఉన్నారు. ఆ పనిలో చనిపోయిన యుద్ధఖైదీలు 12 వేలకు పైగా. వారి సమాధులను పేర్లతో సహా ఈనాటికీ పూలమొక్కల మధ్య చూడవచ్చు. ఆసియా కూలీలు సుమారు 90 వేల మంది పోయారని అంచనా. పేర్లు లేవు. కూలీల మస్టరు పుస్తకం ఒక్కటి మిగిలినా ఎంతమంది మన ఇంటిపేర్లవారు కనబడేవారో అన్న ఆలోచన నన్ను విడిచిపెట్టదు.

యూనిఫారం వేసుకున్న స్త్రీల గురించి మనం ఎంతో తక్కువ మాట్లాడుకున్నాం. 1942లో భారతదేశంలో మహిళల సహాయక దళం ఏర్పడింది. పది వేల పైచిలుకు స్త్రీలు అందులో పనిచేశారు. టెలిఫోను, వైర్‌లెస్, రహస్య లిపి, గుమాస్తా పనులు వారివి. ఖాకీ చీర కట్టుకుని కవాతు చేసేవారు. సైనిక ఆసుపత్రుల్లో నర్సులు వేరు. నర్సింగు అప్పట్లో ఎక్కువగా క్రైస్తవ, ఆంగ్లో ఇండియన్ కుటుంబాల ఆడపిల్లలు చేపట్టిన వృత్తి. పరాయి మగవాడి గాయం తాకుతారని ఆ అమ్మాయిలను వెనుకనే మాట అన్న సమాజం, తన కొడుకు ఆ గాయంతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆ చేతులకే మొక్కింది. రెండో వైపున, బ్రిటిష్‌వారికి ఎదురు నిలిచిన ఆజాద్ హింద్ ఫౌజులో, సింగపూరులో కెప్టెన్ లక్ష్మి నాయకత్వంలో ఝాన్సీరాణి దళం 1943లో నిలబడింది. తోటల్లో రబ్బరు పాలు తీసే ఆడపిల్లలు అందులో తుపాకీ పట్టారు. అదే ఆజాద్ హింద్ ఉద్యమంలో నేతాజీ వెంట జలాంతర్గామిలో ప్రయాణం చేసిన అబిద్ హసన్ మన హైదరాబాదువారు. ఒకే యుద్ధంలో రెండు జెండాల కింద మనవారు ఉన్నారు. ఒకరిని తలచుకుంటే మరొకరికి అపచారం అని నేను అనుకోను. ఇద్దరి ఇళ్ళలోనూ ఎదురుచూపు ఒకటే.

యుద్ధం ముగిశాక ఈ సైన్యాన్ని త్వరగా కుదించారు. కొద్ది ఏళ్ళ సర్వీసుతో ఇంటికి పంపినవారికి పింఛను లేదు. చేతికి ఒక డిశ్చార్జి పుస్తకం, రెండు మూడు పతకాలు, కొందరికి తర్వాత ఎప్పుడో ఒక పట్టా. మా తాతయ్య ఆ పుస్తకం పట్టుకుని ఒక కార్యాలయం చుట్టూ పదేళ్ళు తిరిగారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆయన ఎవరి సైన్యంలో పనిచేశారన్న ప్రశ్న కూడా ఎదురైంది. అప్పటి నుంచి ఆయన యుద్ధం మాట ఎత్తడం మానేశారని మా నాన్నగారు చెప్పేవారు. మన ఇళ్ళలో ఈ జ్ఞాపకాలు లేకపోవడానికి మరపు ఒక్కటే కారణం కాదు. చెప్పబోతే వినేవారు లేకపోయారు.

ఇప్పుడు ఆ తరం దాదాపుగా లేదు. వారి భార్యలు, చెల్లెళ్ళు, అప్పటికి ఎనిమిదేళ్ళో పదేళ్ళో ఉన్న పిల్లలు కొద్దిమంది మిగిలారు. మీ ఇళ్ళలో అలాంటి పెద్దవారు ఉంటే దయచేసి ఈ వారమే వారి దగ్గర కూర్చోండి. ఏ యుద్ధంలో పాల్గొన్నారని అడిగితే వారు మాట్లాడరు. బెంగుళూరుకు ఏ రైలెక్కారు, మొదటి రోజు ఏం తిన్నారు, ఉత్తరం ఎవరు చదివి పెట్టేవారు, కంట్రోలులో గుడ్డ ఎంత దొరికేది, ఇంటికి వచ్చిన రోజున ఎవరు ముందు గుర్తుపట్టారు అని అడగండి. డిశ్చార్జి పుస్తకంలో ప్రతి పేజీకీ ఫొటో తీయండి, సర్వీసు నంబరు రాసుకోండి. పాత ఇనుప సామానువాడికి పతకాలు వేయకండి. ఈ గ్రంథాలయంలో దీనికోసం ఒక బీరువా ఇస్తామని అధ్యక్షులవారు ఇందాక మాట ఇచ్చారు, వారికి కృతజ్ఞతలు.

నేను ఈ పని ఆలస్యంగా మొదలుపెట్టాను. తీగ దొరికిన పదకొండేళ్ళకు, మా మేనత్తగారికి ఎనభై ఏడేళ్ళు ఉండగా, ఆ తాటాకు ముక్కల సంగతి అడిగాను. ఆమె ఆ తీగను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. "అవి డబ్బు రాని నెలలు రా" అన్నది. "ప్రతి నెలా మొదటి వారం అమ్మ వీధి అరుగు మీద కూర్చునేది. పోస్టుమాను మా ఇల్లు దాటి వెళ్ళిపోయేవాడు. నెల గడిచిపోయాక లేచి లోపలికి వచ్చి, చూరులోంచి ఒక ఆకు ముక్క తుంచి గుచ్చేది. ఏడవడం నేను చూడలేదు."

ఐదు ముక్కలు. 1942 ఫిబ్రవరి నుంచి జూన్ దాకా. బర్మా నుంచి సేనలు 900 మైళ్ళకు పైగా వెనక్కి నడిచి, మే నెలాఖరుకు, వానలు మొదలవుతుండగా ఇంఫాలు చేరిన కాలం అది. ఐదో ముక్క తర్వాత ఉన్న కూపను మీద జూలై నెల ముద్ర ఉంది. అక్షరం తాతయ్యది కాదు, మరెవరో రాసిపెట్టారు. రెండే మాటలు ఉన్నాయి.

"నడిచి వచ్చాను. క్షేమం."